కారు వెనక కొక్కెం

బావమరిది అతని కారు పాడుచేశాడు. అడక్కుండా తీసుకెళ్ళాడు, వెనక బంపరు కింద కోయించాడు, కొసన గుండున్న ఇనప కొక్కెం ఒకటి బిగించి తెచ్చాడు. ఐస్‌క్రీం బండి లాక్కోవడానికట. అదేమిట్రా అంటే నేల చూపులు చూశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

కాటాలు బాగుచేసే ఆయన ఈ ముక్క తన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కూరగాయలమ్మేవాడికి చెప్పాడు, మందుల షాపావిడకి చెప్పాడు, తూకాలు పరీక్షించి ముద్రవేసే ఇన్‌స్పెక్టరునీ వదల్లేదు. ఒక స్ప్రింగు మార్చేలోపు కథ మొదలై ముగిసేది. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ ముందే చెప్పేవాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది. తమ్ముణ్ణి అంటే పడదు కదా అనుకునేవాడు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడ పోయిన రోజు కూడా అతను బావమరిదితో మాట్లాడలేదు. కారు కడిగితే వెనక ఆ కొక్కెం ఉన్నంత మేరా గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. దాని గుండుమీద తొడిగిన రబ్బరు టోపీ దుమ్ముపట్టి బూడిదరంగుకి తిరిగింది.

బావమరిదిని ఊరంతా బొంగరం అంటుంది. ఒకచోట నిలవడు కాబట్టి.

గురువారం పొద్దున్నే కూతురు ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"నాన్నా, ఆదివారం సెలవిచ్చారు."

"నీకా? నమ్మొచ్చా?"

"సంతకం పెట్టించుకున్నాను. రిజర్వాయరు గట్టుకి వెళ్దాం. సైకిళ్ళతో."

అతను టీ వడపోస్తున్నాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆదివారాలు ఆ గట్టు మీదికి కార్లని రానివ్వరు. నీళ్ళకి రెండువైపులా చదునైన దారి, సైకిళ్ళకే. భార్య ఎన్నిసార్లడిగిందో. చూద్దాం అనేవాడు.

"సైకిళ్ళెలా తీసుకెళ్తావ్? మడిచి జేబులో పెట్టుకుంటావా?" అన్నాడు. గొంతులో మాత్రం అప్పటికే హుషారు దూరింది.

"కారు పైన కట్టొచ్చు."

"మన పార్కింగులో కారు మీద మూరెడు జాగా లేదు. లోపలికి నడిపామంటే మనం లోపల ఉంటాం, సైకిళ్ళు దూలానికి వేలాడుతుంటాయి."

"డిక్కీ తలుపుకి పట్టీలేసి తగిలించేవి ఉన్నాయట."

"తలుపు రంగంతా గీక్కుపోతుంది. పైగా మీ అమ్మ సైకిలుకి పై రాడ్డు లేదు. దేనికి తగిలిస్తావ్, గాలికా?"

కూతురు చెప్పులు విడిచింది. గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి, కిటికీవైపు చూస్తూ అంది. "కొక్కెం ఉందిగా నాన్నా."

ఆ ఇంట్లో ఆ మాట అతనొక్కడే అనేవాడు. ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

"దానిమీద నిలబెట్టే ర్యాకులున్నాయి. మా డాక్టరమ్మ కారుకి చూశాను. చక్కగా నిలబడతాయి."

"ఆ కొక్కెం నేను వాడను."

"నువ్వెందుకు వాడతావ్? కారు వాడుతుంది."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. టీ తాగేసి లేచి టేపు వెతికాడు. "స్కూటరు అమ్మిన డబ్బు ఉంది. దానికి మించి దమ్మిడీ పెట్టను. ముందే చెప్తున్నా."

కూతురు పడుకుని లేచేసరికి అతను చొక్కా మార్చుకుని, తాళాలు చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

కార్ల సామాను అమ్మే దుకాణంలో ర్యాకులు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. అతను లోపలికి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాడు. అన్నిటినీ ఒకేసారి చూసెయ్యాలనిపించింది. కౌంటరు దగ్గరి కుర్చీలోంచి ఒక పొడుగాయన లేచొచ్చాడు.

"ఇవి రెండు రకాలండీ. ఇది చవక. రెండు చేతులు చాచినట్టుంటుంది, సైకిళ్ళని పై రాడ్డు పట్టుకుని తగిలించాలి."

"మాకు రాడ్డు లేదు. లేడీస్ సైకిలు."

"అయితే ఇది. చక్రాలు ఈ తొట్టిలో కూర్చుంటాయి, ఈ పంజా ఫ్రేముని పట్టుకుంటుంది. కాలితో ఇక్కడ నొక్కండి."

అతను నొక్కాడు. ర్యాకు మొత్తం వెనక్కి ఒరిగింది, దండం పెట్టినట్టు.

"ఇదెందుకు?"

"సైకిళ్ళు దించకుండానే డిక్కీ తెరుచుకోవడానికి."

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఒరిగింది. ఇంకోసారి నొక్కబోతుంటే కూతురు మోచెయ్యి పట్టుకుంది. "విరుగుతుంది నాన్నా."

"ఎంత బరువు మోస్తుంది?"

"అది ర్యాకుని కాదండీ, మీ కొక్కేన్ని అడగాలి. దాని పక్కన చిన్న రేకు మీద కొట్టి ఉంటుంది. ఇంకో మాట. సాకెట్టుందా?"

"అంటే?"

"సైకిళ్ళు పెట్టాక మీ వెనక లైట్లు, నంబరు ప్లేటు వెనకవాడికి కనబడవు. ర్యాకుకి సొంత లైట్లుంటాయి. వాటికి కరెంటు కొక్కెం పక్క సాకెట్లోంచి రావాలి. లేకపోతే కారంతా విప్పి వైరింగు చేయించాలి. దానికే ర్యాకంత అవుతుంది."

అతని మొహం వాడిపోయింది. కూతురు ఏదో అనబోయేలోపే బయటికి నడిచాడు. కారు వెనక రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డ కోసం చూశాడు, లేదు. జేబురుమాలు తీసి తుడిచాడు. మొదట రేకు బయటపడింది. యాభై కిలోలు. దాని పక్కన బంపరు కింద గుండ్రటి నల్ల మూత. గోటితో ఎత్తాడు. లోపల పిన్నులు కొత్త చిల్లర నాణేల్లా మెరిశాయి. ఒక్కదానికి కూడా గీత లేదు.

"ఉందే!" అన్నాడు మోకాళ్ళ మీదే. దారిన పోయే ఇద్దరు తిరిగి చూశారు. "సాకెట్టుందే! రావే, చూడు!"

పొడుగాయన వంగి చూశాడు. "అదృష్టం మీది. ఉత్త బండి లాగడానికైతే ఎవరూ ఇంత ఖర్చు పెట్టి వైరింగు చేయించరు. మంచిపని చేయించారు."

అతనికి ఆ మాట వినబడింది, కానీ లోపలికి దిగలేదు. అప్పటికే ర్యాకు ధర చీటీ తిప్పి చూస్తున్నాడు. చూసి, ర్యాకుని నెమ్మదిగా గోడకి ఆనించాడు. ఆ ధరకి రెండు స్కూటర్లమ్మాలి.

"వాడినవి దొరుకుతాయి నాన్నా," అంది కూతురు బయటికొచ్చాక. ఇంటికి చేరేలోపు ఫోనులో మూడు చూసింది. అతను కారు నడుపుతూనే "అది కాదు, ముందరిది చూపించు" అంటూ మెడ చాపుతుంటే ఫోను మూసేసింది. "రోడ్డు చూడు ముందు."

శుక్రవారం సైకిళ్ళు రెండూ దుకాణానికి తోసుకెళ్ళాడు. పైన దూలానికి పెద్ద స్ప్రింగు కాటా తగిలించాడు. కూతురి సైకిలు ఎత్తి వేలాడదీశాడు, చక్రం తిరగడం ఆగేదాకా చేత్తో పట్టుకుని, వేలు తీసి ముల్లు చూశాడు. పదిహేనున్నర. భార్య సైకిలు పాతది, బరువైనది. ముందు బుట్ట, వెనక క్యారియరు, పక్కన గొలుసు తాళం. పంతొమ్మిది. రెండూ కలిపితే ముప్ఫై నాలుగున్నర. కొక్కెం మోసేది యాభై.

ఈల వేసుకున్నాడు. ఆ దుకాణంలో ఈల వినబడి చాలాకాలమైంది. పక్క టైలరు కుట్టుమిషను ఆపి తొంగిచూశాడు.

మధ్యాహ్నం కూతురు అన్నం క్యారేజీ తెచ్చింది. ఆమె స్టూలు మీద కూర్చోకముందే చెప్పాడు. "ఇంకా పదిహేను కిలోలు మిగిలింది. కావాలంటే నిన్ను కూడా తగిలించుకోవచ్చు."

"ర్యాకెంత నాన్నా?"

"ఏ ర్యాకు?"

"మనం కొనబోయే ర్యాకు. అది గాల్లో ఉంటుందా? దాని బరువు మోసేదెవరు?"

అతను కాటా ముల్లు వైపు చూశాడు. నలభై ఏళ్ళుగా ప్రతి నూనె దుకాణంవాడికీ, ప్రతి స్వీటుకొట్టువాడికీ అదే చెబుతున్నాడు. ముందు ఖాళీ డబ్బా తూచు, తర్వాత సరుకు తూచు. డబ్బా సంగతి మరిచిపోయినవాళ్ళని దొంగలనేవాడు.

కూతురికి నవ్వాగలేదు. క్యారేజీ గిన్నెలు బల్ల మీద పెట్టేసి, స్టూలు మీద వంగిపోయి నవ్వింది. "డబ్బా మరిచిపోయాడమ్మా! కాటాల మేస్త్రీ డబ్బా మరిచిపోయాడు!"

"మెల్లగా. టైలరు వింటాడు."

"విననీ!"

అతనూ నవ్వాడు. నవ్వుతూనే లెక్క మళ్ళీ వేశాడు. ఫోనులో చూసిన ర్యాకు పద్దెనిమిది కిలోలు. మొత్తం రెండున్నర ఎక్కువ. "దించేద్దాం," అన్నాడు. "ఊడేవన్నీ ఊడదీసి డిక్కీలో పడేద్దాం. డిక్కీ బరువు కొక్కెం మొయ్యదు." గొలుసు తాళం తీశాడు. క్యారియరు బోల్టులు తుప్పు పట్టాయి, నూనె చుక్కలేసి కాసేపు ఆగి తిప్పాడు. స్టాండు తీశాడు. తూచాడు. ఇంకా అరకిలో. బుట్ట ఒక్కటే మిగిలింది. ఆవిడ ఆ బుట్ట అంచుకి తెగిన చోట ఎర్ర వైరు చుట్టుకుంది. పానా పట్టుకుని ఊరకే నిలబడ్డాడు.

"పారెయ్యడం లేదు నాన్నా. డిక్కీలోనేగా."

"తెలుసులే." తీశాడు. బుట్టని విడిగా, తువ్వాలులో చుట్టి పెట్టాడు.

సాయంత్రం వెళ్ళారు. ర్యాకు అమ్మే ఆవిడ కవలపిల్లల తల్లి. నాలుగో అంతస్తు బాల్కనీలో ఆ ర్యాకు మీద పిల్లల లాగులు ఆరేసి ఉన్నాయి. "దీని మీద సైకిలెక్కి ఏడాదైంది అంకుల్. ఇప్పుడివే ఎక్కుతున్నాయి," అంటూ లాగులు తీసింది. ఒక పిల్ల చంకలో, ఒకడు కాలు పట్టుకుని.

అతను ర్యాకు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తడిమాడు. పంజాలు తెరిచాడు, మూశాడు. పట్టీలు లాగి చూశాడు. ఒక పట్టీ పళ్ళు అరిగిపోయాయి, జారుతోంది. అది పైకి పట్టుకుని ఆవిడకి చూపించి ఏమీ అనలేదు. అనకపోవడం అతని బేరం. ఆవిడ ధర తగ్గించింది. ఇంకో పట్టీని కూడా పట్టుకున్నాడు.

"అది బానే ఉంది అంకుల్!"

"బానే ఉంది. ఊరికే చూస్తున్నా."

ఆవిడ నవ్వి ఇంకొంచెం తగ్గించింది. స్కూటరు డబ్బులోనే పని జరిగిపోయింది. నాలుగంతస్తులూ ర్యాకు మోసుకుంటూ దిగుతుంటే కూతురు ఒకవైపు పట్టుకోబోయింది. పట్టుకోనివ్వలేదు. పెళ్ళికొడుకులా దిగాడు.

శనివారం పొద్దున పార్కింగులో బిగించడం. రబ్బరు టోపీ లాగేశాడు. గుండుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు, మెరిసేదాకా. ర్యాకు ఎత్తి దానిమీద కూర్చోబెట్టాడు. మీట కిందికి రాలేదు. గట్టిగా నొక్కాడు, రాలేదు. మీట కింద ఒక నట్టు ఉంది. దాన్ని పావు చుట్టు వదులు చేశాడు, నొక్కాడు. ఇంకో పావు. "టక్" మంది. ఆ చప్పుడు నేలమాళిగంతా తిరిగొచ్చింది. ర్యాకు పట్టుకుని ఊపాడు. కారు ఊగింది, ర్యాకు కదల్లేదు.

"వైరు పెడుతున్నా. నువ్వెక్కి బ్రేకు తొక్కు!"

కూతురు లోపల కూర్చుంది. కారు వెనక గోడ ఒక్కసారిగా ఎర్రబడింది.

"వెలిగాయా?"

"వెలిగాయే! ఎడమ చూపించు! ఆఁ! కుడి! ఆఁ, కుడి కూడా! అన్నీ వెలిగాయే పిల్లా!" అతను చప్పట్లు కొట్టాడు. పార్కింగులో కారు తుడుచుకుంటున్న పక్కింటాయన కూడా తోడుగా నాలుగు చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే.

కూతురు దిగి వెనక్కొచ్చి చూసింది. గోడ మీద ఎరుపు ఆమె మొహం మీద పడింది. "మామయ్య అంత ఖర్చుపెట్టి వైరింగు చేయించాడన్నమాట," అంది. తర్వాత నుదురు చిట్లించింది. "అయినా నాన్నా, మామయ్య బండికి లైట్లే లేవుగా?"

అతని మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. చెయ్యి మాత్రం సాకెట్టు మూత మీద ఆగింది. దుకాణం ముందు పొడుగాయన అన్న మాట ఇప్పుడు దిగింది.

"నువ్వు పైకెళ్ళు," అన్నాడు. "నేనిప్పుడే వస్తా."

ఈత కొలను గేటు ముందు బొంగరం ఐస్‌క్రీం బండి ఉంది. దాని ముందు బొంగరం సొంత ఆటో, బండిని లాగేది అదే. కారు ఆగడం చూసి బొంగరం స్కూపు చేతిలోనే పట్టుకుని బయటికొచ్చాడు. బావని చూడలేదు. ర్యాకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"కొన్నావా బావా," అన్నాడు.

అతను కారు దిగాడు. ఐస్‌క్రీం బండి చుట్టూ నడిచాడు. వెనక రెండు ఎర్ర స్టిక్కర్లు. బల్బు లేదు, వైరు లేదు. వంగి కింద కూడా చూశాడు.

"దీనికి లైట్లేవీ?"

"పగలే కదా అమ్ముకునేది."

"మరి నా కారుకి సాకెట్టెందుకు పెట్టించావురా?"

ఈత బట్టల్లో తడి జడతో ఒకామె డబ్బులు పట్టుకుని వెనిలా అంటోంది. బొంగరం స్కూపుని నీళ్ళ డబ్బాలో పడేశాడు. "అక్క పెట్టించమంది."

"సాకెట్టా?"

"అన్నీ. కొక్కెం కూడా."

అతను తిరిగి కారు వెనక కొక్కెం వైపు చూశాడు.

"నువ్వు గట్టుకి తీసుకెళ్ళవుగా. సైకిళ్ళెలా తీసుకెళ్తామే అని కొట్టిపారేసేవాడివట. కొక్కెం పెట్టించి చూపిస్తాను, ఇక సాకులుండవు అంది. ర్యాకు తర్వాత కొంటానంది."

"బండి లాక్కోడానికని ఎందుకన్నావు?"

"నువ్వు వీధిలోనే మొదలెట్టావు బావా. అక్క కిటికీలోంచి వద్దు వద్దని సైగ చేసింది. నోటికొచ్చింది అనేశాను. కోపం చల్లారాక నేనే చెప్తానంది." బొంగరం చేతులు తుడుచుకున్నాడు. "చల్లారలేదు. తర్వాత ఆస్పత్రి."

"ఈ మూడేళ్ళలో నీకు నోరు లేదా?"

"ఉంది. చెప్తే నన్ను తిట్టడం మానేసేవాడివి. ఆపైన ఎవర్ని తిడతావు? లేని మనిషినా?" స్కూపు నీళ్ళలోంచి తీశాడు. "నన్నంటావా, అలవాటేగా."

"ఈ కారుతో నీ బండి ఎన్నిసార్లు లాగావు?"

"భలేవాడివి. ఒక్కసారైనా ఇచ్చావా?"

తడి జడావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అతను ఆవిడవైపు గడ్డం చూపించాడు. "ముందు ఆవిడ సంగతి చూడు. పాపం నిలబడి ఉంది."

కారెక్కి, ఇంజను పెట్టి, అద్దం దించాడు. "పొద్దున్నే రా. సైకిళ్ళెత్తడానికి ఇంకో చెయ్యి కావాలి."

"ఆదివారం నాకు మంచి బేరం బావా."

"నీ ఇష్టం."

వచ్చాడు. వాళ్ళకంటే ముందే వచ్చి పార్కింగు మెట్ల మీద కూర్చున్నాడు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాతో. కూతురు చూసి "మామయ్యా!" అని అరిచి మెట్లు రెండేసి దిగింది. తండ్రి వైపు తిరిగి కళ్ళతోనే ఏదో అడిగింది. అతను పట్టీ బిగిస్తున్నాడు. అరిగిన పట్టీ మీద కొత్త తాడు కూడా వేశాడు.

దారంతా అద్దంలో సైకిళ్ళే చూశాడు. గాలికి ముందు చక్రాలు నెమ్మదిగా తిరుగుతున్నాయి, వాటంతట అవే ప్రయాణం మొదలుపెట్టినట్టు. గతుకు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగారు. "నువ్వు తిరక్కు నాన్నా!" "బావా, రోడ్డు!" ర్యాకు కదల్లేదు. వెనక లారీవాడు దగ్గరికొచ్చి హారను కొట్టి, బొటనవేలు చూపించి దాటిపోయాడు. కారులో ముగ్గురూ గట్టిగా నవ్వారు.

గట్టు మొదట్లో కారు ఆపారు. ఎండ ఇంకా ముదరలేదు. నీళ్ళ మీద నుంచి చల్లగాలి వస్తోంది. అతను కాలితో నొక్కాడు, ర్యాకు ఒరిగింది, డిక్కీ తెరుచుకుంది. బొంగరం నోరెళ్ళబెట్టాడు. "ఒరిగిందే!"

"ఒరుగుతుంది మరి," అన్నాడు అతను, తనే కనిపెట్టినట్టు. ఇంకోసారి ఒరిగించి చూపించాడు.

తువ్వాలు విప్పి బుట్ట తీశాడు. భార్య సైకిలుకి మళ్ళీ బిగించాడు, నాలుగు బోల్టులూ. హ్యాండిలు పట్టుకుని చుట్టూ ఒకసారి తోశాడు. ఎక్కలేదు. బొంగరం చేతికిచ్చాడు.

"ముందు నువ్వు తొక్కు."

"నేనా? నువ్వెక్కు బావా. నీకోసమేగా అక్క..." బొంగరం నాలిక్కరుచుకున్నాడు.

కూతురు తన సైకిలు మీద ఒక కాలు నేలకి ఆనించి నిలబడి ఉంది. ఇద్దర్నీ చూసింది. "ఏమిటది? మామయ్యా, నిన్నటి నుంచి అడుగుదామనుకుంటున్నా. నీ బండికి లైట్లే లేవు, వైరింగెందుకు చేయించావు?"

బొంగరం బావ వైపు చూశాడు. కాటాల మేస్త్రీ వంగి కొక్కెం మెడ మీద చెయ్యి పెట్టాడు. మీట సరిగ్గా పడిందో లేదో చూస్తున్నట్టు నొక్కాడు. నొక్కి, అక్కడే వంగి ఉన్నాడు.

"వాడు సరిగ్గానే చేయించాడు," అన్నాడు.

"అంటే? ఇన్నేళ్ళూ నువ్వు..."

"సరిగ్గానే చేయించాడన్నాను. కొక్కెం మాట ఇవాళ్టితో సరి. నువ్వెత్తొద్దు, వాడెత్తొద్దు. నేనెత్తను."

"అమ్మ గాని..."

"ఎత్తొద్దన్నానా! ఎక్కండి, ఎండ ముదురుతుంది."

బొంగరం ఎక్కాడు. నాలుగు తొక్కులు తడబడ్డాడు, తర్వాత దారి దొరికింది. బెల్లు కొట్టుకుంటూ పోయాడు, ఎర్రవైరు చుట్టిన బుట్ట ముందు ఊగుతూ. కూతురు వెనకాలే వెళ్ళింది. అతను కారుకి ఆనుకుని తన వంతు కోసం నిలబడ్డాడు.

సోమవారం కూరగాయలమ్మేవాడు కాటా తెచ్చాడు. స్ప్రింగు జారుతోంది. స్టూలు లాక్కుని కూర్చుని, అలవాటుగా అడిగాడు. "మీ బావమరిది ఆ కారు..."

అతను ముల్లు సున్నా దగ్గర నిలిచేదాకా తలెత్తలేదు.

"మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళు," అన్నాడు.